ఐరన్‌బౌండ్‌లో అసలైన పోర్చుగీసు భోజనం కావాలంటే మధ్యాహ్నం వెళ్ళండి

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది. లిస్బన్‌లో వారం ఉండి వచ్చాక అక్కడి తిండి మీదకి మనసు పోయిందన్నారు. జెర్సీ సిటీ నుంచి నెవార్క్‌లోని పోర్చుగీసు పేట ఐరన్‌బౌండ్‌కి రెండు శనివారాలు రాత్రిపూట వెళ్ళారు. రివ్యూలు బాగున్న చోట్లే కూర్చున్నారు. ఒకచోట పాయేయా (వెడల్పాటి పెనంలో వండే అన్నం), సాంగ్రియా (పళ్ళముక్కలు వేసిన వైను). రెండోచోట కత్తికి గుచ్చిన మాంసం టేబుల్ టేబుల్‌కీ తిప్పి కోసి పెట్టే బ్రెజిల్ పద్ధతి. "ఇంతకీ ఇక్కడ నిజమైన పోర్చుగీసు రెస్టారెంట్ ఉందా, ఉంటే ఎలా గుర్తుపట్టాలి? మా ఆయన పంది, గొడ్డు మాంసం తినరు, అత్తగారు పూర్తి శాకాహారి" అన్నది మీ ప్రశ్న. 2007లో కొత్తగా వచ్చినప్పుడు నేనూ ఇదే చేశాను. ఆఫీసు వాళ్ళు పార్టీ అని తీసుకెళ్ళి పాయేయా తినిపిస్తే, రెండేళ్ళపాటు అదే పోర్చుగీసు వంట అనుకుని వచ్చిన చుట్టాలందరికీ చూపించాను. పాయేయా స్పెయిన్ వాళ్ళదని చెప్పింది మా బిల్డింగ్‌లో మెయింటెనెన్స్ చూసే ఒక పెద్దాయన. ఆయనది పోర్చుగల్‌లోని మూర్తోజా. ఐరన్‌బౌండ్‌లోని చాలా పోర్చుగీసు కుటుంబాలది ఆ ఊరి చుట్టుపక్కలే.

ఆయన నాకు నేర్పింది ఒక్కటే: బోర్డు చూడకు, గడియారం చూడు. శనివారం రాత్రి ఎనిమిదికి ఇక్కడి ప్రధాన వీధి ఫెర్రీ స్ట్రీట్‌లో ఉండేది మనలాంటి బయటివాళ్ళు. స్టేషన్‌కి అవతల ప్రుడెన్షియల్ సెంటర్‌లో హాకీ మ్యాచో కచేరీనో ఉంటే ఆ జనమంతా ఇటే భోజనానికి వస్తారు. వాళ్ళు అడిగేది పెద్ద పళ్ళెంలో పాయేయా, జగ్గుతో సాంగ్రియా, అంచు దాటే స్టేక్. రెస్టారెంట్ వాళ్ళు అదే పెడతారు, తప్పేముంది? అదే చోటికి బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్ళి చూడండి. బార్ కౌంటర్ దగ్గర సిమెంటు మరకల బూట్లతో కన్‌స్ట్రక్షన్ పనివాళ్ళు, టీవీలో లిస్బన్ ఫుట్‌బాల్ జట్టు బెన్‌ఫికా పాత మ్యాచ్, ఒంటరిగా సూప్ తాగుతున్న తాతగారు కనిపిస్తారు. వాళ్ళ ముందున్న కంచాల్లో ఉన్నది మీ మెనూ కార్డులో ఉండదు. విడి కాగితం మీద చేత్తో రాసి పెడతారు, లేదంటే గోడ మీద పలక మీద ఉంటుంది. దాన్ని "ప్రాతు దు దియా" అంటారు, అంటే ఈరోజు వంట. మీరు వెతుకుతున్నది అదే.

పేట సంగతి కొంచెం తెలిస్తే ఈ గందరగోళం ఎందుకో అర్థమవుతుంది. చుట్టూ రైలు పట్టాలు కట్టేసినట్టుండటం వల్ల ఐరన్‌బౌండ్ అన్న పేరు వచ్చిందంటారు. ఇక్కడి పాత పోర్చుగీసు క్లబ్బు 1921 నాటిది, లూసో-అమెరికానో పత్రిక 1928 నుంచి వస్తోంది. అయితే జనం గుంపులుగా వచ్చింది 1965లో అమెరికా వలస చట్టం మారాక. అప్పుడు పోర్చుగల్‌లో సలజార్ నియంతృత్వం, పల్లెల్లో పేదరికం. 1961 నుంచి ఆఫ్రికా వలసరాజ్యాల్లో యుద్ధం, కుర్రాళ్ళకి తప్పని సైనిక సేవ. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది పల్లెటూరి రైతులు, జాలర్లు, తాపీ పనివాళ్ళు. కాబట్టి ఇక్కడి వంట ఆ తరం పల్లె వంట. పక్కనే ఉత్తర స్పెయిన్ నుంచి వచ్చిన గలీసియా వాళ్ళు ఉన్నారు, వాళ్ళూ రెస్టారెంట్లు పెట్టారు. 1980ల నుంచి బ్రెజిల్ వాళ్ళు, తర్వాత ఈక్వడార్ వాళ్ళు వచ్చారు. పాత కుటుంబాల పిల్లలు చదువుకుని యూనియన్, కేర్నీ లాంటి ఊళ్ళకి వెళ్ళిపోయారు, ఆదివారం భోజనానికి మాత్రం ఇక్కడికే వస్తారు. అందుకే ఒకే వీధిలో ఇన్ని దేశాల వంటలు కలిసిపోయి కనిపిస్తాయి.

ఇంకో మాట. లిస్బన్‌లో మీరు ఈ మధ్య తిన్నది, ఇక్కడ 1970లో దిగినవాళ్ళు వండుకునేది ఒకలా ఉండవు. హైదరాబాద్‌లో ఇప్పటి రెస్టారెంట్ భోజనానికీ, నలభై ఏళ్ళ కిందట అమెరికా వచ్చిన మన అత్తయ్యలు ఎడిసన్‌లో ఇంకా అప్పటి కొలతలతోనే చేసే పులిహోరకీ ఉన్నంత తేడా. దాన్ని నకిలీ అనగలమా? నా లెక్కలో ఐరన్‌బౌండ్ వంట దానికదే ఒక సొంత శాఖ. ఇక్కడ గుండ్రంగా చక్రాల్లా కోసి వేయించిన బంగాళాదుంపలు, పక్కనే పసుపుపచ్చ అన్నం, రెండూ ఒకే కంచంలో వస్తాయి. "అన్నమూ దుంపలూ రెండూనా?" అని మా ఆవిడ మొదట్లో ముక్కున వేలేసుకుంది. పోర్చుగల్‌లోనూ అంతే, రెండూ పెడతారు.

ఇక గుర్తుపట్టడం. బోర్డు మీద ఉన్న మాటతోనే చాలా తెలుస్తుంది. "మరిష్కైరా" అంటే రొయ్యలు, పీతలు, ఆల్చిప్పలు, చేపలు ప్రధానంగా వండేది. "షుర్రష్కైరా" అంటే బొగ్గుల మీద కోడి కాల్చేది, ఎక్కువగా పార్సిల్ వ్యాపారం. "పష్టెలరియా" అంటే తీపి తినుబండారాలు, కాఫీ. "రొడీజియో" అని ఉంటే బ్రెజిల్ వాళ్ళ కత్తుల భోజనం, అది మీరు చూసేశారు. మెనూలో బీన్స్ కూర ఎలా ఉందో చూడండి. నల్ల బీన్స్‌తో, పక్కన ఫరోఫా అనే పొడి పిండితో వస్తే బ్రెజిల్. తెల్లవో ఎర్రవో బీన్స్, క్యాబేజీతో కలిపి వస్తే పోర్చుగల్. పళ్ళరసాన్ని "సూకు" అని రాస్తే బ్రెజిల్, "సూము" అని రాస్తే పోర్చుగల్. పాయేయా, మరిస్కాదా (రొయ్యలు, ఆల్చిప్పల్లాంటివి కలిపి వండే పులుసు) మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉంటే స్పెయిన్ వైపు మొగ్గిన వంటిల్లు. ఫోర్నోస్ ఆఫ్ స్పెయిన్ లాంటివి పేరులోనే నిజం చెప్పేస్తాయి, వాటితో పేచీ లేదు. "స్పానిష్-పోర్చుగీస్" అని రెండూ కలిపి రాసుకున్న చోటే అడిగి తెలుసుకోవాలి.

నేను ఎవరినైనా తీసుకెళ్తే మొదట వెళ్ళేది మాడిసన్ స్ట్రీట్‌లోని సియాబ్రాస్ మరిష్కైరా. లోపలి డైనింగ్ హాల్ వద్దు, ముందు బార్ దగ్గర చోటు దొరికితే అక్కడే కూర్చోండి. ఆల్చిప్పలు తీసుకోండి, "అమైజ్వష్ ఆ బుల్యావ్ పాతు" అని అడగాలి. వెల్లుల్లి, ఆలివ్ నూనె, వైను, పైన గుప్పెడు కొత్తిమీర. యూరప్‌లో కొత్తిమీర మనంత ఇష్టంగా వాడే చోటు పోర్చుగల్ తప్ప నాకు తగల్లేదు, అందులోనూ దక్షిణాన అలెంతేజు ప్రాంతంలో మరీ ఎక్కువ. ఆ పులుసులో రొట్టె ముంచుకుని తింటుంటే మన చేపల పులుసు అడుగున మిగిలిన చిక్కటి రసంలో అన్నం కలుపుకున్నట్టే ఉంటుంది. బుల్యావ్ పాతు అనేది పంతొమ్మిదో శతాబ్దపు కవి పేరు. మనం శ్రీనాథుడి పేరుతో ఒక వేపుడు పెట్టుకున్నట్టు.

అక్కడ ఒక జాగ్రత్త. పెద్ద పీతలు, రొయ్యలు, మొత్తం చేప లాంటివాటికి ధర తూకాన్ని బట్టి. మెనూలో అంకె ఉండదు. ఒకసారి వేరే చోట, పేరెందుకు లెండి, వెయిటర్ "బాగుంటుంది సార్" అన్నాడని తలూపేశాను. బిల్లు వచ్చాక మా బావమరిది ముఖం చూడాలి. తూకం వేసి, ఎంతవుతుందో చెప్పమని ముందే అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

బకల్యావ్ గురించి చెప్పకపోతే ఈ సమాధానానికి అర్థం లేదు. ఉప్పు వేసి ఎండబెట్టిన కాడ్ చేప. సూటిగా చెప్పాలంటే ఉప్పు చేప. తమాషా ఏమిటంటే ఆ చేప పోర్చుగల్ సముద్రంలో దొరకదు. వందల ఏళ్ళుగా వాళ్ళ ఓడలు న్యూఫౌండ్‌ల్యాండ్ దాకా పోయి పట్టుకొచ్చేవి, ఇప్పుడు ఎక్కువగా నార్వే నుంచి వస్తుంది. చేపలకి కరువు లేని దేశం మరెక్కడిదో ఎండు చేపని "నమ్మకమైన నేస్తం" అని పిలుచుకుంటుంది. క్రిస్మస్ ముందు రాత్రి భోజనం అదే. వండే పద్ధతులు వెయ్యిన్నొకటి అంటారు. మీకు నాలుగు చాలు. "బ్రాష్" అంటే చేపని పీచులుగా విడదీసి, సన్నగా తరిగి వేయించిన దుంపలు, గుడ్డుతో కలిపినది. మన కోడిగుడ్డు పొరటు తినేవాళ్ళకి ఇది మొదటి ముద్దకే నచ్చుతుంది. "గోమ్జ్ ద్ సా" పోర్టో ఊరిది, ఉల్లిపాయ, దుంపలు, ఉడికించిన గుడ్డు, నల్ల ఆలివ్‌లు. "నాతష్" అంటే మీగడతో ఓవెన్‌లో పెట్టింది, పిల్లలకి బాగుంటుంది. "లగరైరు" అంటే మందపాటి ముక్కని కాల్చి, వెల్లుల్లి వేసిన ఆలివ్ నూనె ధారగా పోసి, పిడికిలితో గుద్దిన దుంపలతో ఇచ్చేది. రెస్టారెంట్‌కి పరీక్ష పెట్టాలంటే ఈ లగరైరు అడుగుతాను. ముక్క పొరలు పొరలుగా జారిపోవాలి, ఉప్పు నోటికి తగిలీ తగలనట్టుండాలి. నానబెట్టడం సరిగా చేయనివాళ్ళు ఇక్కడే దొరికిపోతారు.

అన్నం వంటల్లో "అరోజ్ ద్ మరిష్కు" అడగండి. పాయేయాలా పొడిపొడిగా ఉండదు, జారుగా, గిన్నెతోనే పొగలు కక్కుతూ వస్తుంది. స్పెయిన్‌కీ పోర్చుగల్‌కీ తేడా నాలుకతో తెలుసుకోవాలంటే ఇంతకంటే సులువు లేదు. వెంటనే తినాలి, ఫోటోలు తీస్తూ కూర్చుంటే అన్నం ఆ రసమంతా తాగేసి ముద్దయిపోతుంది.

మీ ఆయన సంగతి చూద్దాం. చేపలూ రొయ్యలూ ఉన్నాయి కాబట్టి ఆయనకి ఇబ్బంది లేదు. కోడి "ఫ్రాంగు", మేకపిల్ల మాంసం "కబ్రితు". మేకపిల్లని ఓవెన్‌లో కాల్చి పెట్టడం సాధారణంగా శని, ఆదివారాల వంట. ఫోన్ చేసి ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి, మన వాళ్ళకి నచ్చనిది కాదు. "పోర్కు" అంటే పంది, "వాకా" అంటే ఆవు, "నవిల్యు", "విటేలా" అన్నా అదే జాతి. పేరులో మాంసం లేనిచోట కూడా అది ఉంటుంది, అదే తిరకాసు. "శోరీసు" అనే పంది సాసేజ్ సూపుల్లో, బీన్స్‌లో, ఒక్కోసారి అన్నంలో కూడా వేస్తారు. "సెం శోరీసు" అంటే అది లేకుండా అని. బొగ్గుల కోడి విషయంలో పట్టింపు గట్టిదైతే ఇంకోటి అడగాలి: చాలాచోట్ల అదే గ్రిల్ మీద పంది పక్కటెముకలు కూడా కాలుస్తారు. ఫెర్రీ స్ట్రీట్‌లో కోడి కాల్చే దుకాణాల ముందు లైను ఎప్పుడూ ఉంటుంది, బొగ్గు వాసన వీధి చివరికే వచ్చేస్తుంది. అక్కడ పిరిపిరి సాస్ సీసా అడిగి తీసుకోండి. మన దేశానికి మిరపకాయ తెచ్చింది పోర్చుగీసు ఓడలే, వాళ్ళ వంటలో మాత్రం కారం అంతంతే. ఆ పిరిపిరి కూడా అంగోలా, మొజాంబిక్‌ల నుంచి వాళ్ళకి అబ్బింది. గుంటూరు నుంచి వచ్చిన నా ఫ్రెండ్ ఒకడు సీసా సగం ఒంపుకుంటే కౌంటర్ వెనకాల అమ్మాయి నీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడింది!

అత్తగారి విషయంలో మీకు అబద్ధం చెప్పను. కష్టమే. "కాల్దు వెర్ద్" అని ఆకుపచ్చ సూప్ చూసి చాలామంది శాకాహారమే అనుకుంటారు. దుంపలు, దారాల్లా తరిగిన కేల్ ఆకు, చూడటానికి అంతే. అడుగున శోరీసు ముక్క ఉంటుంది. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు నేనే ఆ సూప్ చెప్పి, ముక్క చెంచాలోకి వచ్చాక తల పట్టుకున్నాను. ఆ రోజు ఆమె ఇంకేమీ ముట్టలేదు. "సెం కార్న్" అంటే మాంసం లేకుండా అని అర్థమే కానీ, పాతకాలం వెయిటర్లకి చేప, కోడి, హామ్ అందులోకి రావు. ఒక్కోటీ పేరుపెట్టి అడగాలి. దొరికేవి చెప్పాలంటే మొక్కజొన్న రొట్టె "బ్రోవా", ఆలివ్‌లు, సావ్ జోర్జ్ దీవి జున్ను, సలాడ్, వేయించిన దుంపలు. అదృష్టం ఉంటే "పైషీన్యుష్ ద ఓర్తా", అంటే పెరటి చేపపిల్లలు. భయపడకండి, బీన్స్ కాయలకి పిండి పూసి వేయించినవి, అచ్చం మన బజ్జీలు. జపాన్ టెంపురాకి మూలం ఇదేనంటారు. పిండిలో గుడ్డు ఉంటుంది, అది ఆవిడకి పనికొస్తుందో లేదో మీకే తెలియాలి. నిజాయితీగా నా సలహా: ఆవిడని బేకరీకి తీసుకెళ్ళి కాఫీ తాగించండి, తిరుగు దారిలో జర్నల్ స్క్వేర్‌లో దిగి దోశ తినిపించండి. అదే పాత్ (PATH) రైలు, పావుగంట దూరం.

బేకరీ అన్నాను కదా, దానికి వేళల పట్టింపు లేదు. ఫెర్రీ స్ట్రీట్‌లో తెషైరాస్ ఉంది, ఇంకా నాలుగైదు ఉన్నాయి. "పష్టెల్ ద్ నాతా" ఎలాగూ తింటారు, లిస్బన్‌లో తిన్నారు కాబట్టి పోలిక వస్తుంది. పైన అక్కడక్కడ నల్లగా మాడిన మచ్చలు ఉండాలి, కొరికితే పొరలు చిట్లిన చప్పుడు రావాలి. ట్రేలో మెత్తబడి ఉంటే తర్వాతి ట్రే ఎప్పుడొస్తుందో అడిగి ఆగండి. "పావ్ ద్ దేవుష్" కూడా తీసుకోండి, దేవుడి రొట్టె అని అర్థం, మెత్తటి బన్ను మీద కొబ్బరి పొర. ముంబై పావ్ భాజీలో పావ్ ఈ పావే. ఆ మాటకొస్తే మన అనాస, బొప్పాయి, మేస్త్రి, అల్మారా, వరండా కూడా వాళ్ళ నుంచి వచ్చినవే. ఒకసారి కౌంటర్ దగ్గర ఒక ముసలావిడకి ఈ మాటలు వరసగా చెప్పాను. "అనాస" దగ్గర ఆవిడ చప్పట్లు కొట్టి నాకో బన్ను ఉత్తినే ఇచ్చింది. కాఫీకి "గలావ్" అనండి, గాజు గ్లాసులో పాలు ఎక్కువ పోసి ఇస్తారు. ఉత్త "కఫే" అంటే చిన్న కప్పులో డికాక్షన్ వచ్చేస్తుంది.

దారి సులువే. జెర్సీ సిటీ నుంచి పాత్ రైలు నెవార్క్ పెన్ స్టేషన్‌లో ఆగుతుంది, ఎడిసన్ వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఎన్‌జే ట్రాన్సిట్ అక్కడే దింపుతుంది. డౌన్‌టౌన్ వైపు కాకుండా తూర్పు వైపు బయటికి రండి. పీటర్ ఫ్రాన్సిస్కో పేరుతో చిన్న పార్కు ఉంటుంది. అజోర్స్ దీవుల్లో పుట్టి అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికుడు ఆయన. అక్కడి నుంచే ఫెర్రీ స్ట్రీట్ మొదలు. స్టేషన్‌కి దగ్గరున్న పెద్ద భవంతులు దాటి ఇంకో ఆరేడు సందులు నడవండి, పక్క వీధుల్లోకి తిరగండి. కారులో వస్తే పార్కింగ్ టెన్షన్ తప్పదు, సొంత పార్కింగ్ ఉన్న చోటు చూసుకోండి. జూన్ 10 పోర్చుగల్ జాతీయ దినం, ఆ నెలంతా సార్డీన్ చేపలు కాల్చే కాలం. అప్పుడొస్తే వేరే మెనూ అక్కర్లేదు. కంచాలు పెద్దవి. "మెయా దోజ్", అంటే సగం వడ్డన, ఉందేమో అడగండి, లేకపోతే ఇద్దరికి ఒకటి చెప్పుకోండి.

కాబట్టి వీలైన వారం రోజు ఒక పూట సెలవు పెట్టి పన్నెండున్నరకి వెళ్ళండి. సెలవు కుదరకపోతే ఆదివారం చర్చి వదిలే వేళకి, అంటే ఒంటిగంటకి. తాతలు, మనవలు కలిసి పదిమంది కూర్చున్న టేబుళ్ళు ఎక్కడుంటే అక్కడికే. వెయిటర్‌ని "ఏది బాగుంటుంది?" అని అడిగితే బయటివాళ్ళకి చెప్పేదే చెప్తాడు. పక్క టేబుల్ వైపు చూపించి "వాళ్ళు తింటున్నది ఏమిటి?" అని అడగండి, నాకు ఎప్పుడూ పనిచేసింది. వాకిట్లో "బోవ తార్ద్" (మధ్యాహ్నం దాటాక చెప్పే పలకరింపు), లేచేటప్పుడు థాంక్స్‌కి "ఒబ్రిగాదు" అనండి. మీరు ఆడవాళ్ళయితే "ఒబ్రిగాదా".

వచ్చేటప్పుడు సియాబ్రా సూపర్ మార్కెట్‌లోకి ఒకసారి తొంగిచూడండి. బకల్యావ్ పలకలు కట్టెల్లా పేర్చి ఉంటాయి, అడిగితే రంపంతో ముక్కలు కోసి ఇస్తారు. నడుము భాగం మందంగా ఉన్నది తీసుకోండి. రెండు రోజులు చల్లటి నీళ్ళలో నానాలి, రోజుకి మూడుసార్లు నీళ్ళు మార్చాలి. గిన్నె గట్టు మీద వదిలేయకండి, గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో అడుగు అరలో ఉంచండి, అత్తగారి పెరుగు గిన్నెకి దూరంగా.